అప్‌డేట్: పాత ఎఫ్-250 కింద సూపర్ డ్యూటీ వెనుక యాక్సిల్

నా 1995 ఫోర్డ్ ఎఫ్-250 పికప్‌కు 1999 తర్వాతి సూపర్ డ్యూటీ (ఫోర్డ్ భారీ పికప్‌ల శ్రేణి) వెనుక యాక్సిల్ సరిపోతుందా అని అడిగాను. యాక్సిల్ ఇప్పుడు బండి కిందే ఉంది, కానీ నేరుగా బిగించగలిగే పని మాత్రం కాదు.

మొదటి చిక్కు చక్రాలు. పాత హబ్‌లో (చక్రాన్ని బిగించే మధ్య భాగంలో) ఎనిమిది బోల్టులు 165.1 మిల్లీమీటర్ల వలయంపై ఉంటే, కొత్తదానిలో అవి 170 మిల్లీమీటర్ల వలయంపై ఉంటాయి. తేడా చూపుకు అందనంత చిన్నదే అయినా పాత చక్రం ఎక్కదు. స్పేర్ చక్రం ఇరువైపులా పనికి రావాలని ముందు హబ్‌లకు అడాప్టర్లు బిగించి, నాలుగు చక్రాలనూ కొత్త కొలతకు మార్చాను.

ఎక్కువ శ్రమ యాక్సిల్‌పై స్ప్రింగులు కూర్చునే పీఠాల దగ్గరే పడింది. వాటిని కోసి, పాత స్ప్రింగుల ఎడానికి తగ్గట్టు పెట్టి, తాత్కాలికంగా అతికించి, బండి పూర్తి బరువు స్ప్రింగులపై పడ్డాక పినియన్ (గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్టు కలిసే యాక్సిల్ గేరు) కోణాన్ని కొలిచాను. ఇంజిన్ బలం చక్రాలకు అందేటప్పుడు లీఫ్ స్ప్రింగులు మెలితిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి, దాన్ని గేర్‌బాక్స్ షాఫ్టుకు సమాంతరమైన స్థితి కంటే ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచాను. ఆ తర్వాతే, యాక్సిల్ గొట్టం వేడికి వంగకుండా, చిన్న చిన్న ముక్కలుగా పూర్తి వెల్డింగ్ చేయించాను.

ముందు యాక్సిల్‌లోని 3.73 గేర్ నిష్పత్తే (షాఫ్టు 3.73 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది) ఉన్న యాక్సిల్‌ను ఎంచుకున్నందున ఫోర్‌వీల్ డ్రైవ్‌కు ఇబ్బంది రాలేదు. వెనుక డ్రమ్ము బ్రేకుల స్థానంలో డిస్కు బ్రేకులు వచ్చాయి. ముందు వెనుక బ్రేకు ఒత్తిడి సమతూకాన్ని సరిచేయడం, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కలపడం మిగిలి ఉన్నాయి, అందాకా బండి రోడ్డెక్కదు.