సైట్‌కి మనుషులకంటే బాట్‌లే ఎక్కువ వస్తున్నాయి, అన్నిటినీ బ్లాక్ చేసేయనా?

చిత్తుప్రతి:
రెండేళ్లుగా చిన్న సైట్ ఒకటి నడుపుతున్నాను. నేను రాసిన కథలు, చదివిన పుస్తకాల మీద నోట్స్, అంతే. మొత్తం కలిపి 120 పేజీలు ఉంటాయేమో. నిన్న హోస్టింగ్ వాళ్ల నుంచి మెయిల్ వచ్చింది, నెల సగంలోనే మీ బ్యాండ్‌విడ్త్ అయిపోవచ్చిందని. నా కథల్ని జనం ఇంతలా ఎగబడి చదువుతున్నారా అని ఓ పది నిమిషాలు సంబరపడ్డాను కూడా. తీరా లాగ్ (ఎవరెవరు వచ్చారో సర్వర్ రాసుకునే ఫైలు) తెరిచి చూస్తే పది లైన్లలో తొమ్మిది బాట్‌లే, అంటే మనుషులు కాదు, వాటంతట అవే పేజీలు తెరిచే ప్రోగ్రాములు. సెర్చ్ వాళ్లు రావడం అర్థమైంది, మిగతావాళ్లకి నా సైట్‌లో ఏం పని? బాట్‌లు ఎక్కడికి రావచ్చో ఎక్కడికి రాకూడదో రాసిపెట్టే రోబోట్స్.టీఎక్స్‌టీ ఫైలులో అందరికీ ఒకేసారి తలుపు వేసేస్తే నష్టమేమైనా ఉందా?

లాగ్‌పురుగు:
తలుపు వేసేముందు ఒక్క పని చేయండి. ఎవరు వస్తున్నారన్నది తర్వాత, ఏ పేజీలకి వస్తున్నారో ముందు చూడండి. క్రాలర్ (పేజీ నుంచి పేజీకి తిరిగే బాట్) చేసే పని చాలా మొద్దు పని. దాని దగ్గర చిరునామాల జాబితా ఉంటుంది, ఒకటి తీసి ఆ పేజీ తెచ్చుకుంటుంది, అందులో కొత్త లింకులు కనిపిస్తే జాబితాలో చేర్చుకుంటుంది, మళ్లీ ఇంకోటి. నా సైట్‌లో ఒకప్పుడు పక్కన క్యాలెండర్ పెట్టాను, కింద "తర్వాతి నెల" అని లింకు. అది నొక్కుకుంటూ నొక్కుకుంటూ ఒక బాట్ 2190వ సంవత్సరం దాకా వెళ్లిపోయింది! అన్నీ ఖాళీ పేజీలే, కానీ ప్రతిదానికీ సర్వర్ డేటాబేస్‌ని అడిగి పేజీ తయారుచేసి ఇవ్వాల్సిందే కదా. తప్పు బాట్‌ది కాదు, నాది.

ఇంకోటి, లాగ్‌లో గూగుల్‌బాట్ అని ఉన్నంత మాత్రాన నమ్మకండి, ఆ పేరు ఎవడైనా పెట్టుకుని రావచ్చు. అది వచ్చిన ఐపీకి (ఇంటర్నెట్‌లో దాని నంబరు చిరునామా) రివర్స్ డీఎన్ఎస్ చూసి, అంటే ఆ నంబరు ఏ పేరు మీద ఉందో చూసి, వచ్చిన పేరు గూగుల్‌దే అయి, ఆ పేరు మళ్లీ అదే ఐపీకి తిరిగొస్తేనే అసలుది.

పాతపేజీ:
దయచేసి అందరినీ మూసేయకండి. మూడేళ్ల క్రితం నా డిస్క్ పోయింది, బ్యాకప్ కూడా అదే డిస్క్‌లో ఉంది (తెలివి!). అరవై పోస్టులు పోయాయనుకున్నాను, పాత వెబ్ పేజీల కాపీలు చూపించే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో వెతికితే నాలుగు తప్ప అన్నీ దొరికాయి. వాళ్లు 1996 నుంచీ పేజీలు దాస్తున్నారు, 2001లో అందరికీ తెరిచారు. అదీ క్రాలర్ల పుణ్యమే.

అసలు క్రాలర్లు సెర్చ్ కోసమే పుట్టలేదు కూడా. 1993లో ఎంఐటీలో మాథ్యూ గ్రే రాసిన వాండరర్ పని వెబ్ ఎంత పెద్దదైందో లెక్కపెట్టడమే. ఇప్పుడైతే చచ్చిన లింకులు పట్టుకునేవి, ధరలు పోల్చేవి, ఎవరు ఎవరికి లింకు ఇచ్చారో చూసేవి, కాపీ కొట్టారేమో చూసేవి, రకరకాలు. మీ కథ లింకు ఎవరికైనా చాట్‌లో పంపితే కింద బొమ్మా శీర్షికా వస్తాయి చూడండి, అవి కూడా ఒక బాట్ వచ్చి తెచ్చినవే.

గడియమాను:
పైవాళ్లు చెప్పినదంతా నిజమే గానీ ఏఐ శిక్షణ కోసం వచ్చేవాటిని ఈ లెక్కలో కలపకండి. సెర్చ్ బాట్ పేజీ తీసుకెళ్తే బదులుగా ఒక మనిషినైనా పంపిస్తుంది, ఇవి తీసుకెళ్లడమే. ఓపెన్‌ఏఐ వాళ్లది జీపీటీబాట్, 2023లో పేరు ప్రకటించారు. సీసీబాట్ వెబ్ పేజీల కాపీలు పోగుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చే కామన్ క్రాల్ వాళ్లది, ఆ కాపీల్ని పరిశోధకులూ వాడతారు, ఏఐ కంపెనీలూ వాడతాయి. వద్దనుకుంటే ఆ పేర్లు విడిగా రాసి ఆపొచ్చు.

అయితే రోబోట్స్.టీఎక్స్‌టీ తాళం కాదు, "లోపలికి రావద్దు" అని రాసిపెట్టిన బోర్డు. 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించాడు, 2022లో గానీ అధికారిక ప్రమాణం కాలేదు. మర్యాదస్తులు చదివి వెనక్కి వెళ్తారు, మిగతావాళ్లని సర్వర్ దగ్గరే ఆపాలి. రహస్య ఫోల్డర్ పేరు మాత్రం అందులో రాయకండి, ఆ ఫైలు ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. అలాగే పేజీ సెర్చ్‌లో కనిపించకూడదంటే ఆ పేజీలో నోఇండెక్స్ అనే సూచన పెట్టాలి, కానీ అదే పేజీని రోబోట్స్‌లో ఆపేస్తే ఆ నోఇండెక్స్ చదవడానికి బాట్ లోపలికి రాదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

చిత్తుప్రతి:
దొరికింది! నా దగ్గర క్యాలెండర్ లేదు, ట్యాగ్ ఫిల్టర్ ఉంది. 14 ట్యాగులు, ఎన్నయినా కలిపి నొక్కొచ్చు. కూర్చుని లెక్కేస్తే కలయికలు 16 వేలు దాటాయి, ఉన్నది 120 పేజీలు! వచ్చిన బాట్‌లలో సగానికి పైగా ఆ ఫిల్టర్ చిరునామాల్లోనే తిరుగుతున్నాయి. వాటిని మాత్రం ఆపాను, ఆర్కైవ్‌ని ముట్టుకోలేదు, శిక్షణ బాట్‌ల సంగతి ఇంకా తేల్చుకోలేదు. కానీ ఫైలు మార్చి రెండు గంటలైంది, గూగుల్‌బాట్ ఇంకా ఫిల్టర్ పేజీలకే వస్తోంది. ఐపీ కూడా చూశాను, అసలుదే. ఏమైనా తప్పు రాశానా?

లాగ్‌పురుగు:
తప్పేం లేదు. పాత రోబోట్స్ ఫైలు కాపీని 24 గంటల దాకా దగ్గర పెట్టుకుంటుంది అది. రేపు ఈ టైముకి లాగ్ చూసి చెప్పండి.