ఒకటో తరగతి పిల్లలకు శ్రద్ధ లేదా, లేక వయసే అంతా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా ఊరి రామాలయం పక్కనున్న కమ్యూనిటీ హాలులో రోజూ సాయంత్రం ఒకటి నుంచి మూడో తరగతి వరకు చదివే తొమ్మిది మంది పిల్లలకు ఉచితంగా చదువు చెబుతున్నాను. మూడో తరగతి వాళ్లతో ఇబ్బంది లేదు, ఒకటో తరగతి వాళ్లే అంతుపట్టడం లేదు. మొన్న ఎనిమిది చింతగింజలను ఒక వరుసగా, దాని కిందే మరో ఎనిమిదిని ఇంకో వరుసగా పేర్చాను. రెండూ సమానమేనని ఆరేళ్ల బాబు లెక్కపెట్టి మరీ చెప్పాడు. కింది గింజలను కాస్త ఎడంగా జరిపి మళ్లీ అడిగితే, కిందే ఎక్కువున్నాయన్నాడు. ఇరవై వరకు తడుముకోకుండా చెప్పే పిల్లవాడు ఇలా అనడమేమిటి? ఇంకో పాప కూడికలన్నీ వేళ్ల మీదే చేస్తుంది. చేతులు వెనక్కి పెట్టుకొని చెప్పమంటే ఏడుపు మొహం పెడుతుంది. ఇక పది నిమిషాలకొకసారి "అన్నా, వీడు నా పెన్సిల్ తీశాడు" అనే ఫిర్యాదులు. వీళ్లకు శ్రద్ధ లేదా, నాకు చెప్పడం రాదా?

జవాబు 1 (విశ్రాంత సెకండరీ గ్రేడ్ టీచర్):
బాబూ, లోపం వాళ్లదీ కాదు, నీదీ కాదు. నువ్వు తెలియకుండానే చేసిన చింతగింజల పరీక్షను స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాన్ పియాజే (1896–1980) ఎప్పుడో చేసి చూశారు. ఏడేళ్లలోపు పిల్లల్లో చాలామంది వరుస పొడవును చూస్తారే తప్ప, పొడవు పెరిగినప్పుడు గింజల మధ్య ఎడం కూడా పెరిగిందన్న సంగతిని దానితో కలిపి చూడలేరు. అంకెలు వల్లించడం వేరు, జరిపినంత మాత్రాన లెక్క మారదని గ్రహించడం వేరు. ఇది ఏడో ఏట అటూ ఇటూగా కుదురుకుంటుంది, అయితే పుట్టినరోజు చూసుకొని మాత్రం రాదు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును, అంటే రెండో తరగతి పూర్తయ్యే వరకు, ఒకే పునాది దశగా లెక్కించింది. మూడో తరగతి వాళ్లు ఆ దశ దాటేశారు, వాళ్లతో నీకు పని తేలికవడానికి కొంత కారణం అదే.

పాప వేళ్లను మాత్రం దయచేసి ఆపవద్దు. ఏడు, రెండు కూడమంటే పిల్లలు మొదట్లో ఏడు వేళ్లు, రెండు వేళ్లు విడిగా తెరిచి, ఒకటి నుంచి అన్నింటినీ లెక్కపెడతారు. కొన్నాళ్లకు ఏడును మనసులో ఉంచుకొని "ఎనిమిది, తొమ్మిది" అంటూ ముందుకు వెళతారు. ఆ తరువాతే, ఎనిమిది, ఐదు కూడమంటే ఐదులోంచి రెండు తీసి ఎనిమిదికి కలిపి పది చేసుకొని, మిగిలిన మూడు దానిమీద వేసుకోవడం వస్తుంది. మొదటి మెట్టు మీదున్న పిల్ల చేతులు కట్టేస్తే మూడో మెట్టు మీదికి ఎగరదు. చీపురుపుల్లలను పదేసి కట్టలుగా రబ్బరుబ్యాండు వేసి ఇవ్వు. మన "పన్నెండు"లో పదీ రెండూ చెవికి విడివిడిగా వినబడవు కదా, కనీసం కంటికైనా కనబడాలి.

జవాబు 2 (బాలల మనస్తత్వశాస్త్రం చదువుతున్న విద్యార్థిని):
టీచర్ గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ బాబుకు తెలియదని అప్పుడే తీర్మానించనక్కరలేదు. పెద్దవాళ్లు అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగితే, మొదటి జవాబు తప్పేమోనని పిల్లలు అనుకుంటారు. పైగా గింజలను జరిపింది మీరే కాబట్టి, ఆ జరపడంలో ఏదో అర్థం ఉందని కూడా అనుకుంటారు. 1970వ దశకంలో స్కాట్లాండ్‌లో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఇదే పరీక్షలో ఒక ఎలుగుబంటి బొమ్మ అల్లరి చేసి వరుసను చెదరగొట్టినట్టు చూపారు. అప్పుడు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల్లో సరిగా చెప్పినవారి సంఖ్య బాగా పెరిగింది. మీరూ ఏదైనా బొమ్మతో చేసి చూడండి.

ఫిర్యాదుల విషయానికి వస్తే, ఆ వయసుకు నియమమంటే పెద్దలు పెట్టినది, మార్చరానిది. "మీరు పెట్టిన నియమం ఇంకా అమల్లోనే ఉందా?" అని అడగడమే ఆ ఫిర్యాదుల్లో సగం. "అవును, అడిగి తీసుకోవాలి, ఆ మాట నువ్వే వాడికి చెప్పు" అంటే చాలాసార్లు అక్కడితో సద్దుమణుగుతుంది.

జవాబు 3 (ఒక తల్లి):
అన్నింటినీ వయసు మీదికి నెట్టేయకండి. మా అబ్బాయి బోర్డు మీదివి తప్పులు రాస్తుంటే ఏడాదిపాటు "చిన్నవాడు, కుదురు లేదు" అని బడిలోనూ ఇంట్లోనూ సరిపెట్టుకున్నాం. తీరా చూపిస్తే దూరపు చూపు ఆనడం లేదని తేలింది. ఎవరైనా కళ్లు చికిలిస్తున్నా, పిలిచినప్పుడు ఒకే పక్కకు చెవి పెడుతున్నా ముందు తల్లిదండ్రులకు చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న మా చెల్లెలి కోతిబొమ్మను తీసుకెళ్లాను. అది వరుసను చెదరగొట్టగానే బాబు నవ్వి, "కోతి జరిపిందంతే, గింజలు అవే" అన్నాడు. పక్కనున్న అదే వయసు పాప మాత్రం కిందే ఎక్కువని పట్టుబట్టింది, నేను వాదించలేదు. చీపురుపుల్లల కట్టలు ఈ రోజే మొదలుపెట్టాను. వేళ్ల పాపను ఏడు, రెండు కూడమన్నాను. "ఏడు" అంటూ అరచేత్తో నెత్తి మీద తట్టుకొని, రెండే రెండు వేళ్లు తెరిచింది.