డి డ్రైవ్ తగ్గించి సి డ్రైవ్ పెంచాలి. బ్యాకప్ లేకుండా కుదురుతుందా?

కొత్తసిస్టమ్: విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది, 11కి మారాలి. సి 50 జీబీ, నిండిపోయింది. డి 400 జీబీ, అందులో 150 దాకా ఫైళ్లున్నాయి. డి తగ్గించాను, అయినా సి మీద 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' నొక్కనివ్వడం లేదు. బ్యాకప్‌కి వేరే డిస్క్ లేదు.

నల్లతెర: మీరు తగ్గించిన ఖాళీ డి చివర్లో ఉంది. సికి తన పక్కనే ఖాళీ కావాలి. ఫాస్ట్ స్టార్టప్ (షట్‌డౌన్ చేసినా విండోస్‌ని పూర్తిగా ఆగనివ్వని సెట్టింగ్) ఆపి షట్‌డౌన్ చేయండి. జీపార్టెడ్ (డ్రైవ్‌ల సైజు, చోటు మార్చే సాఫ్ట్‌వేర్) ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డి మొదలును కుడికి జరపండి. నేను ఇరవైసార్లు చేసుంటాను, ఒక్క ఫైలూ పోలేదు.

రెండోకాపీ: బ్యాకప్ లేకుండా ముట్టుకోవద్దు.

నల్లతెర: డిస్క్ లేదని ముందే చెప్పిన మనిషికి అదే చెబితే ఎలా అండీ?

చిన్నమాట: బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి. విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్, టీపీఎం 2.0 ఉందో లేదో కూడా చూడండి, లేకపోతే ఈ శ్రమంతా వృథా.

రెండోకాపీ: చివర తగ్గించడం వేరు, మొదలు జరపడం వేరు. చివర తగ్గిస్తే అక్కడున్న ఫైళ్లే కదులుతాయి. మొదలు జరిపితే డి మొత్తం చోటు మారాలి, పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. మధ్యలో కరెంట్ పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. నాకు సగంలో ఆగిపోయింది. మా అమ్మ గొంతున్న వీడియోలు అందులోనే ఉండేవి.

నల్లతెర: బాధాకరమే. కానీ ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది కదా?

రెండోకాపీ: బ్యాటరీ సంగతి కాదు నేను చెప్పేది. డిస్క్‌లో ఒక్క సెక్టార్ (డేటా రాసే చిన్న గడి) పాడైనా పని మధ్యలో ఆగొచ్చు.

నల్లతెర: కరెంట్ అన్నది మీరే. బ్యాటరీ ఉంటే ఆ వాదన నిలవదు.

రెండోకాపీ: నాకూ ఆ రోజు ఒకరు 'ఏం కాదు, చేసెయ్' అన్నారు. పోయాక మళ్లీ పలకలేదు. సలహా మీది, పోయేది అడిగినవాళ్లది. మీ ఇరవైసార్లూ వీళ్లకి ఎందుకు పనికొస్తాయి?

నల్లతెర: నేను నేర్చుకునే రోజుల్లో ఏది అడిగినా 'ముందు బ్యాకప్ తీసుకో' అనేవారు. రెండో డిస్క్ కొనే స్తోమత లేదు. ఏడాదిపాటు పాత సిస్టమ్‌తోనే నెట్టుకొచ్చాను. ఆ మాట వింటే ముఖం మీద తలుపేసినట్టే ఉండేది. ఇంకొకరికి అలా కాకూడదనే ఇంత చెబుతున్నాను.

రెండోకాపీ: అది నాకు తెలియదు. నేను తలుపు వేయడం లేదండీ. కొత్తసిస్టమ్ గారూ, ఆ 150లో మళ్లీ దొరకనివి ఎంత?

కొత్తసిస్టమ్: ఇప్పుడే లెక్క చూశాను. ఫొటోలు, సర్టిఫికెట్లు కలిపి 23 జీబీ. మిగతావన్నీ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోగలిగినవే.

నల్లతెర: అయితే 32 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. జీపార్టెడ్‌కి వేరేది వాడండి, అది తయారుచేసేటప్పుడు అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది.

రెండోకాపీ: కాపీ అయ్యాక దాన్ని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగైదు ఫొటోలు తెరిచి చూడండి. తెరుచుకున్నాయని ఇక్కడ రాశాకే డి జరపండి.