కార్టూన్‌లో నాయకుడి చేతికి తుపాకీ ఇస్తే వెక్కిరింపా, పొగడ్తా?

పెన్నగట్టు (నెల్లూరు): టీకొట్టు దగ్గర మొదలైన గొడవ ఇది. ఎలక్షన్ల తర్వాత ఒక కార్టూన్ ఫోన్లలో తిరిగింది. గెలిచినాయన తుపాకీ భుజానేసుకుని, ఓడినాయన మొహం ఉన్న పులి మీద కాలు మోపి నిలబడ్డాడు. గీసినాయన వెక్కిరించాననుకున్నాడు. గెలిచినాయన మనుషులేమో దాన్నే స్టేటస్ పెట్టుకున్నారు! వేట బొమ్మ ఎటు తిప్పినా వేటగాడికే లాభం అంటాను నేను.

ట్రంకురోడ్డు: ఒప్పుకోనన్నా. 1902లో వాషింగ్టన్ పోస్ట్‌లో బెర్రీమన్ గీసిన బొమ్మ ఉంది కదా. అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో వేటకెళ్తే, వెంట ఉన్నవాళ్లు ఎలుగుబంటిని పట్టి కట్టేసి కాల్చమన్నారు. ఆయన కాల్చనన్నాడు. బొమ్మలో ఎలుగుకు వీపు తిప్పి, వద్దని చెయ్యి చాపుతాడు. టెడ్డీ బేర్ పుట్టింది దాన్నుంచే.

పెన్నగట్టు: నా మాటకే బలమిచ్చావు తమ్ముడూ. కాల్చకపోయినా పెద్దమనిషి అయింది తుపాకీ ఉన్నాయనే. దెబ్బలతో ఉన్న ఆ ఎలుగును తర్వాత చంపేయమన్నదీ ఆయనే. ఆ ముక్క బొమ్మలో లేదు.

కందుకూరు కుర్రాడు: 1857 తిరుగుబాటప్పుడు లండన్ ‘పంచ్’ పత్రికలో టెన్నియల్ గీసింది ఇంకా ఘోరం. తల్లీబిడ్డల మీద పడ్డ బెంగాల్ పులి మీదికి బ్రిటిష్ సింహం దూకుతుంది. ఆ పులి మనమే.

ఒంగోలు టీచరమ్మ: వేటంటే మీకందరికీ తుపాకీయేనా? మా అమ్మగారి ఊరు కోవూరు దగ్గర. వరి కోతలయ్యాక యానాదులు ఎలకలు పట్టడానికి వచ్చేవాళ్లు. కుండలో గడ్డి రగిలించి, బొరియకు ఆనించి పొగ ఊదేవాళ్లు. ఇంకో కన్నం దగ్గర ఒక పెద్దాయన అరచెయ్యి అడ్డంపెట్టి కూర్చునేవాడు. పొగకు కళ్లు కారుతున్నా కదిలేవాడు కాదు. ఎలకలు దాచిన వెన్నులు తవ్వి తీసి, ఆడవాళ్లు ఒళ్లో కట్టుకునేవాళ్లు. పొట్టకోసం వేటాడేవాడు చచ్చినదాని మీద కాలు పెట్టి ఫొటో దిగడు. అందుకే మీ కార్టూనిస్టులకు ఆయన కనపడడు.

ట్రంకురోడ్డు: అయితే నాయకుడికి ఆ కుండ ఇచ్చి బొరియ ముందు కూర్చోబెడితే సరి! అప్పుడెవరు స్టేటస్ పెట్టుకుంటారో చూద్దాం.

ఒంగోలు టీచరమ్మ: అప్పుడు నవ్వేది నాయకుణ్ని చూసి కాదు బాబూ, యానాదిని చూసి.

ట్రంకురోడ్డు: ...అవునమ్మా. అది ఆలోచించలేదు.

పెన్నగట్టు: ఇప్పుడే తెలిసింది. ఆ పులి బొమ్మను ఫ్లెక్సీకి ఇచ్చారంట, ఇరవై అడుగులది. గీసినాయన పేరు మాత్రం తీసేశారు.