ట్రామా క్లయింటు సెషన్ మధ్యలో బ్లాంక్ అయిపోతుంటే ఈఎండీఆర్ (కళ్లు కదిలించమంటూ బాధాకరమైన జ్ఞాపకాల మీద చేసే థెరపీ) మొదలుపెట్టొచ్చా?

పర్లాకిమిడి_కౌన్సెలర్:
అందరికీ నమస్కారం. క్లయింటు పెద్దావిడే, ఇంట్లో తెలుగు, బయట ఒడియా. చిన్నప్పటి మాట ఎత్తితే చాలు, చూపు ఒకచోట నిలిచిపోతుంది, చేతులు చల్లబడతాయి, పిలిస్తే పలకరు. కాసేపటికి తేరుకుని "ఏమడిగారు మేడమ్?" అంటారు. ఇంట్లోవాళ్లు అమ్మవారు పూనిందంటున్నారు. కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి తీయమంటే ఇంకా దూరమైపోతున్నారు. ఎలా ముందుకెళ్లాలి?

బరంపురం_సైకియాట్రీ:
మేడమ్, ముందు ఫిట్స్ సంగతి తేల్చండి. చప్పరించడం, చీర కొంగు పదేపదే నలపడం, ఒకట్రెండు నిమిషాల్లో అయిపోయి తర్వాత అయోమయం, ఏ విషయం మాట్లాడుతున్నా రావడం: ఇవి ఫోకల్ ఫిట్స్ (మెదడులో ఒక భాగంలో మొదలయ్యే ఫిట్స్) వైపు చూపిస్తాయి. ఫలానా మాటకే వచ్చి ఎక్కువసేపు ఉంటే డిసోసియేషన్ (బాధ తట్టుకోలేక మనసు ఇక్కణ్ణుంచి తెగిపోవడం) అనుమానం బలపడుతుంది. ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) నార్మల్ వచ్చినంత మాత్రాన ఫిట్స్ లేవని కాదు, పైగా రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు. ఇంట్లో వస్తే ఫోన్లో వీడియో తీయమనండి, డాక్టరుకు చాలా పనికొస్తుంది.

పూనకం విషయంలో ఇంటివాళ్లతో వాదన వద్దు. జాతరలో, ఊరంతా ఒప్పుకున్న ఆచారంలో వచ్చేదాన్ని ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా) కూడా జబ్బు అనదు. తన ప్రమేయం లేకుండా, ఆచారానికి బయట వస్తూ, బాధ పెడుతూ, పనులు ఆపేస్తుంటేనే జబ్బు కింద చూస్తాం.

రాయగడ_థెరపీ:
ఈఎండీఆర్ ఇప్పుడే వద్దండి. దాని 8 దశల్లో రెండోది ప్రిపరేషన్, మీరు అక్కడే చాలాకాలం ఉండాలి. డిసోసియేషన్ ఉన్నవాళ్లకి తొందరపడి కళ్ల కదలికలు మొదలుపెడితే జ్ఞాపకాలు ఒక్కసారిగా మీద పడతాయి. ఇంటికెళ్లాక చేయి కోసుకోవడం లాంటివి అప్పుడే జరుగుతాయి. ట్రామా మీద పనిచేసిన సైకియాట్రిస్టు జూడిత్ హెర్మన్ 1992లో రాసిన వరస ఇప్పటికీ పనిచేస్తుంది: ముందు భద్రత, తర్వాత జ్ఞాపకాలు, ఆపైన మామూలు బతుకు. ఇంట్లో ఇప్పటికీ హింస ఉందేమో ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. ఉంటే మొదటి పని అదే.

కళ్లు మూయించడం వెంటనే ఆపేయండి. కళ్లు మూస్తే ఈ గది మాయమై పాత గదే మిగులుతుంది. కళ్లు తెరిచే, పాదాలు నేలకి గట్టిగా నొక్కమనండి. చల్లటి నీళ్ల స్టీలు గ్లాసు చేతికివ్వండి. "ఇది పర్లాకిమిడి, ఈరోజు మంగళవారం, నేను ఫలానా, ఇక్కడ మనిద్దరమే" అని మామూలు గొంతుతో చెప్పండి, గుసగుసగా వద్దు. గదిలో నీలం రంగువి మూడు చూపించమనండి. అడగకుండా ముట్టుకోవద్దు, భుజం తట్టడం కూడా. తెలుగులో పలక్కపోతే ఒడియాలో పిలిచి చూడండి. ఏ భాషకి ఈ రోజులోకి వస్తున్నారో రాసిపెట్టుకోండి.

అసలు అంతదాకా పోనివ్వకూడదు. రెప్పలు కొట్టడం తగ్గడం, జవాబు ఆలస్యం, గొంతు పసిపిల్లలా మారడం కనబడగానే ఆ విషయం వదిలేసి పొద్దున ఏం వండారో అడగండి. ఇది తప్పించుకోవడం కాదు, ఈ దశలో చికిత్సే ఇది.

డీఈఎస్ (డిసోసియేషన్ ఎంతుందో చూసే ప్రశ్నాపత్రం) వాడొచ్చు: 28 ప్రశ్నలు, 100కి సగటు 30 దాటితే వివరంగా ఇంటర్వ్యూ చేయాలి. అది వడపోత మాత్రమే, నిర్ధారణ కాదు. మత్తులో జరిగినవి లెక్కలోకి రావు. ప్రతి "అవును"కీ ఒక ఉదాహరణ అడగండి, అసలు సమాచారం అక్కడే దొరుకుతుంది.

పర్లాకిమిడి_కౌన్సెలర్:
చాలా థాంక్స్ సార్. సెషన్ చివర్లో తేరుకోకపోతే? కాశీనగర్ దాకా ఒక్కరే బస్సులో వెళ్లాలి.

రాయగడ_థెరపీ:
డిసోసియేషన్ చికిత్సలో పేరున్న సైకియాట్రిస్టు రిచర్డ్ క్లఫ్ట్ చెప్పిన మూడు వంతుల లెక్క పాటించండి. 45 నిమిషాల్లో మొదటి 15 కుదురుకోవడానికి, మధ్య 15 బరువైన పనికి, చివరి 15 తేరుకోవడానికి. మధ్య భాగం అవకపోతే కొత్తది ఎత్తకండి. వెళ్లేముందు తేదీ, బస్సు ఎక్కడ ఎక్కాలో, ఛార్జీ ఎంతో ఆమె నోటే చెప్పించండి. తడబడితే ఇంకాసేపు కూర్చోబెట్టండి, ఇంట్లోవాళ్లలో నమ్మకమైనవాళ్లని పిలిపించండి. రాత్రిళ్లు ఇబ్బందైతే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416 చీటీ మీద రాసివ్వండి.

బరంపురం_సైకియాట్రీ:
ఇంకొకటి. నిద్రకని క్లోనజెపామ్, అల్ప్రజోలమ్ వాడుతున్నారేమో అడగండి. కొందరిలో ఈ మబ్బుతనం వాటివల్లే పెరుగుతుంది. అయితే ఆపేయమని మాత్రం చెప్పొద్దు మేడమ్, ఒక్కసారిగా మానేస్తే నిజంగానే ఫిట్స్ రావచ్చు. డోసు తగ్గించడం డాక్టరే చూడాలి.