‘ప్రాణం చిలకలో ఉంది’: ఈ మాటకు అసలు అర్థం ఏమిటి?

ప్రశ్న (బరంపురం నుండి): ‘మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు’ అన్న మాటను మా ఇంట్లో, ఎవరికైనా దేనిమీదనైనా మమకారం ఎక్కువైనప్పుడు వాడుతుంటాము. అసలు అర్థం అదేనా? ఇంకొక సందేహం కూడా ఉంది. మా అబ్బాయి చదివే ఫాంటసీ నవలల్లో మాయలకూ మంత్రాలకూ కొదవ లేదు, అయినా కొన్ని మాత్రమే మనసుకు పట్టుకుంటున్నాయి. కారణమేమై ఉంటుంది?

సమాధానం (పర్లాకిమిడి నుండి): మీ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒక్క చోటనే ఉందని నా నమ్మకం.

మమకారమన్న అర్థం వాడుకలో ఉన్నదే, తప్పనడానికి లేదు. అయితే బాలనాగమ్మ కథలో ఫకీరు చిలకను ముద్దుకోసం పెంచుకోలేదు. చావు తన దరికి రాకుండా ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో ఉన్న చిలకలో దాచుకున్నాడు. కొందరు కథకులు అతణ్ణి మాయల మరాఠీ అంటారు కానీ, పేరు మారినా చిలక మారదు. (నిఘంటువుల్లో ‘చిలుక’ అనే ఉంటుంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ, నలుగురి నోటా ‘చిలక’ అని వింటూ, ‘చిలుక’ అని రాయడానికి నాకు చేయి రాలేదు.)

మా మామ్మ ఈ కథను వేసవి మధ్యాహ్నాలు అరుగు మీద చింతకాయలు ఒలుస్తూ చెప్పేది. ‘ఫకీరోడి పేణం చిలకలో ఉంది నాయనా’ అని గొంతు తగ్గించేది. బాలనాగమ్మ కొడుకు బాలవర్ధి చిలక రెక్క విరిచే ఘట్టానికి వచ్చేసరికి చేతిలోని ఎండు చింతకాయను ఫట్టుమని విరిచేది. ఇక్కడ రెక్క విరిగితే అక్కడ ఫకీరు చేయి పడిపోయేది. మనుషులను రాళ్లు చేసినవాడు, బాలనాగమ్మను కుక్కను చేసి తీసుకుపోయినవాడు ఒక పక్షి రెక్కకు కట్టుబడి ఉన్నాడని ఆ చప్పుడుతోనే మాకు తెలిసేది.

ఫాంటసీ నవల నిలిచేదీ అక్కడే. మాయ ఎంత గొప్పదైనా దానికొక హద్దు ఉండాలి, ఆ హద్దు పాఠకుడికి ముందే తెలిసి ఉండాలి. కష్టం వచ్చిన ప్రతిసారీ అప్పటిదాకా పేరైనా వినని మంత్రమొకటి కథానాయకుడి నోట పలికితే, అతనికేమవుతుందోనన్న బెంగ మనకు మిగలదు. బెంగ లేని చోట అద్భుతం కూడా కాసేపటికి వెగటు పుడుతుంది.

పక్కింటి ఒడియా అవ్వ చెప్పిన ‘బుఢీ అసురుణి’ కథలో రాక్షసి ప్రాణం తుమ్మెదలో ఉండేది. రష్యా జానపద కథల్లో కొష్చెయ్ అనే మాంత్రికుడి చావు సూదిమొనలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో ఉంటుంది. జానపద పరిశోధకులు ఈ కోవ కథలకు 302 అన్న సంఖ్య ఇచ్చి ఒక్క గూటికి చేర్చారు. 1954, 1955 సంవత్సరాల్లో వెలువడిన టోల్కీన్ నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో సౌరాన్ అనే దుష్టుడు తన బలంలో చాలా భాగాన్ని ఒక ఉంగరంలో పోశాడు; నా దృష్టిలో ఆ ఉంగరమూ చిలకే.

ప్రశ్న (బరంపురం నుండి): అయితే దీనిని ‘ఆయువుపట్టు’ అనవచ్చునా?

సమాధానం (పర్లాకిమిడి నుండి): దగ్గరి మాటే కానీ అదే మాట కాదు. ఆయువుపట్టు ఒంట్లోనే ఉంటుంది, దుర్యోధనుడికి తొడల్లో ఉన్నట్టు. శత్రువు ఎదురుపడితే గదతో కొట్టవచ్చు. చిలక ఒంటికి బయట, మనిషి పోలేని చోట ఉంటుంది. అది ఎక్కడుందో బాలనాగమ్మ తియ్యని మాటలతో ఫకీరు నోటనే రాబట్టాలి, దాన్ని తేవడానికి పసివాడైన బాలవర్ధి ఇల్లు విడిచి బయలుదేరాలి. నవలకు కావలసిన నాలుగు వందల పేజీలూ ఆ ఏడు సముద్రాల మీదనే ఉన్నాయి.