ఆటలు తయారుచేసుకునే వేదికల పాత బీటాలు (పరీక్ష కోసం ముందుగా వదిలిన రూపాలు) దాచాలా, వదిలేయాలా?

మలక్‌పేట_పాతడిస్క్:
దసరాకి అటక దులుపుతుంటే 2008 నాటి మా 80 జీబీ హార్డ్‌డిస్క్ దొరికింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కేబుల్ కొని తగిలించాను. టక్ టక్‌మంటూనే తెరుచుకుంది. లోపల ఆటలు మనమే కట్టుకునే వేదిక రోబ్లాక్స్ పాత సెటప్! నొక్కితే కనెక్ట్ అవుతున్నట్టు చూపించి అక్కడే ఆగిపోయింది. అది ఆట కాదు మరి, సర్వర్ నుంచి ఆటను తెచ్చిపెట్టే చిన్న ప్రోగ్రామ్. నేను కట్టిన చార్మినార్ ఫైల్ మాత్రం ఉంది. రోబ్లాక్స్‌లో ఆటలు కట్టే ప్రోగ్రామ్, ఇప్పటి స్టూడియోలో తెరిస్తే ఇటుకల మీది బొడిపెలు మాయం. ఆ బొడిపెలు లెక్కపెట్టుకుంటూ మినార్లు లేపాను నేను! 2004లో డైనాబ్లాక్స్‌గా మొదలై 2006లో జనంలోకి వచ్చిన వేదిక అది. కంపెనీ ఒప్పుకోకపోయినా అభిమానులు పాత సర్వర్లు నడపాల్సిందే అంటాను.

కూకట్‌పల్లి_నెట్‌వర్క్:
నేను ఒప్పుకోను అన్నా. పాత క్లయింట్‌లో, అంటే మన కంప్యూటర్‌లో ఉండి సర్వర్‌కి కలిపే ప్రోగ్రామ్‌లో, ఉన్న లొసుగులు ఎవరూ పూడ్చరు. మా అక్క కొడుక్కి పన్నెండేళ్లు. అభిమానులు పాత సర్వర్ నడిపే ఇలాంటి ఒక సైట్‌లో తన అసలు పాస్‌వర్డే కొట్టాడు, రెండు రోజుల్లో అకౌంట్ పోయింది. వాడు అన్నం మానేసి ఏడ్చాడు. పాత జ్ఞాపకాల కోసం పిల్లల్ని బలిపెట్టొద్దు.

తార్నాక_లైబ్రరీ:
ఇద్దరూ దాచడాన్నీ నడపడాన్నీ కలిపేస్తున్నారు. అందరికీ తెరిచిన సర్వర్ గురించి కూకట్‌పల్లి తమ్ముడు చెప్పింది నిజం. కానీ ఆ భయంతో కాపీలే పారేస్తే తర్వాత వెతుక్కున్నా దొరకవు. మైన్‌క్రాఫ్ట్ ఆట తొలి రూపాల్లో ఒకటైన ఆల్ఫా 1.1.1 చూడండి: 2010 సెప్టెంబరులో కొన్ని గంటలే అందుబాటులో ఉంది. పదేళ్లకు పైగా జాడ లేదు. అప్పుడు దించుకున్న ఒకరి దగ్గర 2021లో బయటపడింది. ఆ కాపీ దాచి ఉంచకపోతే అంతే సంగతులు.

మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం, న్యాయంగా మన దగ్గరున్న ప్రోగ్రామ్‌కి బ్యాకప్ తీసుకోవచ్చు. ఊరంతా పంచడానికి మాత్రం అది అనుమతి కాదు. కాబట్టి ముందు దాచుదాం. నెట్‌కి తగిలించని ఒక మెషీన్‌లో, నడిచేవి నడిపి చూసుకుంటే ఏ పిల్లాడి పాస్‌వర్డూ పోదు.

కూకట్‌పల్లి_నెట్‌వర్క్:
నెట్ లేకుండా అయితే నాకు అభ్యంతరం లేదు.

తార్నాక_లైబ్రరీ:
మలక్‌పేట అన్నా, టక్ టక్ అంటే డిస్క్ చివరి దశలో ఉంది. దయచేసి మళ్లీ ఆన్ చేయకండి. ఆదివారం నేనొచ్చి మొత్తం డిస్క్‌కి ఇమేజ్, అంటే అచ్చు కాపీ, తీస్తాను, 80 జీబీ పట్టే ఖాళీ డ్రైవ్ ఒకటి తెచ్చుకుంటా.